అప్పుడు వెళ్లలేదని బాధ, ఇప్పుడు వెళ్లానని తిట్లు

ఈ వారం ఉత్తరం ఒక మహిళా పోలీసు ఉద్యోగి నుంచి వచ్చింది. వయసు 34, సర్వీసు తొమ్మిదేళ్లు. పేరు, ఊరు రాయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

రెండేళ్ల కిందట ఒక రాత్రి ఆవిడా, తోటి ఉద్యోగీ ఒక ఫిర్యాదు మీద ఓ ఇంటికి వెళ్లారు. లోపలున్న మనిషి కిటికీలోంచి కాల్చాడు. తూటా తొడకు తగిలి సహోద్యోగి ఇంటి ముందే పడిపోయాడు. ఆవిడ జీపు ఇంజిన్ చాటున కూర్చుని కిటికీకి తుపాకీ గురిపెట్టి ఉండిపోయారు. అతను అరుస్తూనే ఉన్నాడు. ఇంకో టీమ్ వచ్చి కాపు కాశాకే అతని దగ్గరికి వెళ్లి, దొరికిన గుడ్డతో గాయం అదిమిపట్టారు. "నాలుగు నిమిషాలు పట్టింది" అని రాశారు. అతను బతికాడు. కానీ కాలి నరం దెబ్బతినడంతో ఇప్పటికీ కుంటుతున్నాడు, ఆఫీసు పనికి మారిపోయాడు. ఆసుపత్రి వరండాలో అతని భార్య ఈవిడను ఒకే ఒక్క మాట అడిగింది: "ఆయన అలా అరుస్తుంటే నువ్వు చూస్తూ ఎలా కూర్చున్నావ్?"

ఇక ఇప్పటి సంగతి. ఈ మధ్య ఆవిడను ఐదు రోజుల శిక్షణకు పంపారు. తుపాకీ వాడకం, గాయపడినవాళ్లకు అక్కడికక్కడే ప్రథమ చికిత్స, రెండూ కలిపి నేర్పే కోర్సు అది. మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు రంగు తూటాలతో ఒక సన్నివేశం ఆడించారు. గాయపడినట్టు నటిస్తున్న సహచరుడు కేక వేయగానే ఈవిడ తుపాకీ ఒరలో పెట్టేసి పరుగెత్తారు. పక్క తలుపులోంచి "నేరస్తుడు" వచ్చి ఆవిడను రెండుసార్లు కాల్చాడు. ట్రైనర్ ఈల వేసి అందరి ముందూ అన్నాడట: "ఇప్పుడు మోయాల్సినవాళ్లు ఇద్దరయ్యారు." పైగా, పుల్ల తిప్పి బిగిస్తే రక్తం ఆపే పట్టీ అయిన టూర్నికెట్‌ను మోకాలి మీద కట్టారు. తర్వాతి సన్నివేశంలో గుమ్మం దగ్గరే కాళ్లు కదల్లేదు. నాలుగో రోజు కాల్పుల సాధన జరిగే రేంజ్‌లో గుండ్లన్నీ కిందికి, ఎడమకు పోయాయి. "భయపడుతున్నావ్" అన్నాడు ట్రైనర్. కోర్సు మధ్యలోనే వచ్చేశారు. మూడు వారాల్లో మళ్లీ హాజరు కావచ్చు, లేదంటే రికార్డుల విభాగానికి వెళ్లిపోవచ్చు. భర్త వెళ్లిపొమ్మంటున్నారు. "నేను పిరికిదాన్నా? ఈ ఉద్యోగానికి పనికిరానా?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనూ చాలా ఏళ్లు ఇదే శిక్షణ ఇచ్చినవాణ్ని. రేంజ్‌లో వణికిన చేతుల్ని, ధైర్యం ఎక్కువై ముప్పు తెచ్చుకున్నవాళ్లను, ఇద్దరినీ చూశాను. పిరికివాళ్లు కేక వినపడగానే అటువైపు పరుగెత్తరు. మీరు పరుగెత్తారు. ఎందుకు పరుగెత్తారో చెప్పే మాట మీ ఉత్తరంలోనే ఉంది గానీ, మీరు దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. "ఈసారైనా ఆగకూడదు అనిపించింది" అని రాశారు. ఈసారైనా! ట్రైనింగ్ హాల్లో నేలమీద పడున్నది మీ బ్యాచ్ కుర్రాడు. మీ చెవిలో పడిన కేక మాత్రం రెండేళ్ల కిందటిది. పాత బాకీ తీర్చేద్దామని వెళ్లారు. ట్రైనర్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి ఆయనకు మీ తప్పు మాత్రమే కనిపించింది.

అందుకని ముందు ఆ రాత్రి గురించి మాట్లాడాలి. అది తేలకుండా కోర్సు గురించి ఏం చెప్పినా పైపూతే.

కాల్పుల మధ్య గాయపడినవాళ్లను ఎలా చూడాలన్న దానికి 1996లో అమెరికా ప్రత్యేక దళాల కోసం ఒక పద్ధతి తొలిసారి ప్రచురించారు. ఇవాళ పోలీసులకు నేర్పే చాలా కోర్సులకు మూలం అదే. దాని గుండెకాయ ఒక్కటే: ఏ చికిత్స చేయాలన్నది గాయం ఒక్కటే తేల్చదు, ముప్పు ఎంత దగ్గర్లో ఉందన్నదీ తేల్చాలి. తూటాలు ఇంకా వస్తుంటే మొదటి పని ఆ తూటాలను ఆపడం, చాటుకు చేరడం. అప్పుడు చేయదగ్గ వైద్యం దాదాపు ఒక్కటే, చేతికో కాలికో రక్తం ధారగా పోతుంటే టూర్నికెట్ బిగించడం. ముప్పు కాస్త వెనక్కి తగ్గాక మిగతా గాయాలు, ఊపిరి చూడాలి. తరలించేటప్పుడు ఇంకొంత. 2013లో, ఒక స్కూల్లో పసిపిల్లల మీద కాల్పులు జరిగిన కొన్ని నెలలకు, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్జన్లు, పోలీసు అధికారులు, అత్యవసర సేవలవాళ్లు కలిసి కూర్చుని ఒక వరుస రాసుకున్నారు. ముప్పును అణచడం, రక్తం ఆపడం, సురక్షితమైన చోటికి లాగడం, వైద్యులు పరీక్షించడం, ఆసుపత్రికి చేర్చడం. రాసినవాళ్లలో ముందున్నది సర్జన్లే. అయినా రక్తం కంటే ముందు ముప్పును పెట్టారు.

కిటికీలో తుపాకీ ఉంది. దాని ఎదురుగా మీ మనిషి పడి ఉన్నాడు. మీరు ఆ కిటికీని కదలనివ్వలేదు. అతనికి రెండో తూటా తగలకపోవడానికి మీరూ ఒక కారణమై ఉండొచ్చని ఈ రెండేళ్లలో ఎవరైనా మీతో అన్నారా? అనలేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

అలాగని ఎప్పుడూ ఆగడమే సరైనదని నేను చెప్పడం లేదు. 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగినప్పుడు, చుట్టుముట్టి ప్రత్యేక దళం కోసం ఎదురుచూడటమే అప్పటి పద్ధతి. లోపల గాయపడిన ఒక టీచర్ గంటల తరబడి రక్తం పోయి చనిపోయారు. ఆ తర్వాతే ముందు చేరినవాళ్లే లోపలికి వెళ్లాలన్న శిక్షణ ఊపందుకుంది. ఆగడం వల్లా ప్రాణాలు పోతాయి, తొందరపడటం వల్లా పోతాయి. అందుకే ఈ పని కష్టం. మీ నిర్ణయం తప్పో ఒప్పో ఆ రాత్రి మీ ముందున్న కిటికీని బట్టి చూడాలి. ఆసుపత్రి వరండాలో వినపడిన ప్రశ్నను బట్టి కాదు.

కాలి సంగతి కూడా. నరానికి దెబ్బ చాలావరకు తూటా దిగిన క్షణంలోనే తగులుతుంది. అతని విషయంలో ఏం జరిగిందో అతని డాక్టర్లే చెప్పాలి. కానీ మీ ఆలస్యానికీ అతని కుంటుకీ ముడి ఏ డాక్టరూ వేయలేదు. మీరు వేసుకున్నారు.

ఇక నాలుగు నిమిషాలన్నది. గడియారం చూసి చెప్పిందా, గుర్తుండి చెప్పిందా? అలాంటి సమయంలో చెవులు మూతపడతాయి, చూపు సొరంగంలా సన్నబడుతుంది, కాలం సాగిపోతుంది లేదా ముక్కలైపోతుంది. తన తుపాకీ చప్పుడు తనకే వినపడలేదన్నవాళ్లతో నేను మాట్లాడాను. వైర్‌లెస్ రికార్డుల్లో సమయాలుంటాయి. నమ్మకమైన మనిషిని పక్కన పెట్టుకుని వాటిని ఒకసారి చూడొచ్చు. ఒకటే జాగ్రత్త, అది మీరనుకున్నదానికంటే తక్కువే ఉంటుందని నేను మాటివ్వలేను, ఎక్కువైనా ఉండొచ్చు. ఏ అంకె వచ్చినా తట్టుకోగలననిపించినప్పుడే చూడండి. ఇప్పుడు చూడలేనంటే వదిలేయండి, అదేం ఓటమి కాదు.

ఆ రాత్రి మీ ఇద్దరి దగ్గరా టూర్నికెట్ లేదు. దొరికిన గుడ్డతో అదిమారు. ఆ లోటు మీ ఒక్కరిది కాదు. 2011 జనవరి 8న అమెరికాలోని ట్యూసన్‌లో ఒక ప్రజాప్రతినిధి సభ మీద కాల్పులు జరిగినప్పుడు మొదట చేరిన పోలీసుల దగ్గర చిన్న మెడికల్ కిట్లున్నాయి. వాటిని ఎలా వాడాలో అంతకు కొన్ని నెలల ముందే నేర్పి ఉంచారు. అంబులెన్స్ సిబ్బంది లోపలికి రాకముందే వాళ్లు రక్తం ఆపే పని మొదలుపెట్టారు. వాళ్లు మీకంటే ధైర్యవంతులేం కాదు. వాళ్ల నడుముకు కిట్ ఉంది, చేతులకు అలవాటుంది, అంతే తేడా.

ఇప్పుడు ట్రైనింగ్ హాల్లోకి వద్దాం. ఆ రాత్రి మీరు చాటున ఉండిపోయారు, మొన్న పరుగెత్తారు. మీ మనసులో రెండే దారులున్నాయి: ఉండటం, వెళ్లడం. మూడోది ఒకటుంది. మీ గొంతు! దీన్ని చాలా కోర్సుల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు మాత్రం ఇది సగం కోర్సంత ముఖ్యం. తుపాకీ ముప్పు మీదే ఉంచి, కళ్లు అటే ఉంచి, నోటితో వైద్యం చేయొచ్చు. "నీ టూర్నికెట్ తీయ్. తొడ మీద ఎంత పైకి వస్తే అంత పైన పెట్టు. పుల్ల తిప్పు. ఇంకా తిప్పు." "నా వైపు పాకు." "నేనిక్కడే ఉన్నాను, కిటికీ చూస్తున్నాను." స్పృహలో ఉన్న మనిషికి పని చెబితే ఆ అరుపులో కొంత పనిలోకి మళ్లుతుంది. పక్కన ఇంకో సహచరుడుంటే "నువ్వు కాపు కాయి, నేను లాగుతాను" అన్న ఒక్క మాట పడ్డాకే కదలాలి. వెళ్లాల్సి వచ్చినా ముందు అతన్ని చాటుకు లాగి ఆ తర్వాతే కట్టు కట్టాలి. ఎదురుగా కూర్చుని కట్టొద్దు. మూడో రోజు మీరు కేక వినగానే ముందు నోరు తెరిచి ఉంటే, ఆ పక్క తలుపు చూడటానికి మీకు రెండు క్షణాలు మిగిలేవి. ఇది నేర్చుకుంటే వస్తుంది. మీ స్వభావం మార్చుకోనక్కర్లేదు.

మోకాలి మీద కట్టడం కొత్తవాళ్లందరూ చేసే తప్పే. కీలు మీద పెడితే ఎముకలు అడ్డొచ్చి రక్తనాళం నలగదు. తూటాల మధ్య బట్టల మీదే, వీలైనంత పైన కట్టేయాలి. కుదురుగా చూసే వీలుంటే గాయానికి రెండు మూడు అంగుళాలు పైన. జేబులో ఫోనో తాళాలో ఉంటే తీసేయాలి. రక్తం ఆగేదాకా తిప్పాలి, కట్టిన సమయం రాయాలి, ఆసుపత్రి దాకా వదులు చేయకూడదు. ఒకటితో ఆగకపోతే పక్కనే రెండోది. గాయపడిన మనిషి నొప్పికి గట్టిగా అరుస్తాడు, చాలామంది అక్కడే చేయి సడలిస్తారు. మీకైతే ఆ అరుపే అసలు పరీక్ష, అందుకని దాని గురించి ముందే చెబుతున్నాను. టూర్నికెట్ కడితే కాలు తీసేయాల్సిందేనన్న పాత భయం ఇంకా కొందరిలో ఉంది. సుమారు రెండు గంటల లోపు వైద్యుల చేతికి చేరితే ఆ ప్రమాదం చాలా తక్కువ. తొడలోని పెద్ద ధమని తెగితే మాత్రం మనిషి కొద్ది నిమిషాల్లోనే పోతాడు. గజ్జల్లో, చంకలో టూర్నికెట్ పట్టదు కాబట్టి అక్కడ గాజుగుడ్డ గాయం లోపలికి కూరి బలమంతా పెట్టి అదమాలి. ఇదంతా చదివితే రాదు, చేతులతో చేయాలి.

గుండ్లు కిందికి, ఎడమకు పోవడం గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. మీది కుడిచేతి వాటమైతే దాని అర్థం చాలా మామూలుది. తుపాకీ వెనక్కి తన్నుతుందని చేయి ముందే ఊహించి, పేలే క్షణానికి కాస్త ముందు తుపాకీ మూతిని కిందికి నొక్కేస్తుంది. పాతికేళ్లు కాల్చినవాళ్లకూ అలసిపోయిన రోజున ఇది వస్తుంది. మందు కూడా పాతదే. మీకు తెలియకుండా మ్యాగజైన్‌లో అసలు రౌండ్ల మధ్య డమ్మీ రౌండ్లు కలిపి పెట్టమని ట్రైనర్‌ను అడగండి. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ పేలదు, మూతి వంగడం మాత్రం మీ కళ్లకే కనపడుతుంది. కొన్ని రోజుల్లో చేయి సర్దుకుంటుంది. ఇంట్లో ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ సాధన చేయాలనుకుంటే, ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, గోడ అవతల మనుషులుండని దిక్కుకే గురిపెట్టండి, మనసు బాగాలేని రోజున అసలు ముట్టుకోకండి.

ట్రైనర్ అన్న మాట నిజమే, కానీ అన్న తీరు బాగాలేదు. నేనూ ఒకసారి ఒక కుర్రవాణ్ని "చచ్చావ్, బయటికి పో" అని పంపేశాను. తర్వాతి మూడు సన్నివేశాల్లోనూ అతను గుమ్మం దాటలేదు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. తప్పు దగ్గర ఆపి పంపేస్తే ఒంటికి ఆ ఓటమే అభ్యాసమవుతుంది. ఆపాలి, చెప్పాలి, అదే సన్నివేశాన్ని నెమ్మదిగా మళ్లీ ఆడించి, సరిగ్గా ముగిశాకే వదలాలి. గుమ్మం దగ్గర మీ కాళ్లు ఆగిపోవడంలో ఆ ఈల వాటా కూడా ఉంది.

ఇక నిర్ణయం. రికార్డుల విభాగానికి వెళ్లడం తక్కువ పనేం కాదు. మీ భర్త భయంలో కూడా న్యాయముంది, రెండేళ్లుగా మీ పక్కన ఉండి చూస్తున్నది ఆయనే. ఆయనతో ఒకసారి "నువ్వు దేనికి భయపడుతున్నావ్, నాకు తూటా తగులుతుందనా, నేను ఇలాగే ఉండిపోతాననా?" అని అడిగి చూడండి. జవాబును బట్టి మీ మాటలు మారతాయి. కానీ ఆ కేకను తప్పించుకోవడానికే ఫైళ్ల గదికి వెళితే, అది అక్కడికీ వస్తుంది. తలుపు ధడాలున మూసుకుంటే చాలు. పైగా ఫీల్డ్ వదిలిన కొద్దీ ఈ నైపుణ్యాలు త్వరగా తుప్పు పడతాయి, రెండేళ్ల తర్వాత తిరిగి రావడం ఇప్పటికంటే కష్టం. ఆ లెక్క తెలిసి వెళితే వెళ్లండి.

మూడు వారాల్లో కోర్సుకు తిరిగి వెళ్లాలంటే, ముందే ట్రైనర్‌ను విడిగా కలవండి. పాత సంఘటన అంతా చెప్పనక్కర్లేదు. "గాయపడిన మనిషి కేక వింటే నేను ముప్పును మర్చిపోతున్నాను, అక్కడ నాకు పని కావాలి" అంటే చాలు. మొదట ఉత్త చేతులతో నడక వేగంలో, తర్వాత ప్లాస్టిక్ తుపాకీతో, ఆ తర్వాతే రంగు తూటాలతో చేయించమనండి. మెట్టు మెట్టుకీ నోటితో సూచనలివ్వడం ఉండాలి. ఒప్పుకుంటే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఒప్పుకోకపోతే అదే హాలు, అదే ఈల, ఈసారి తప్పితే ఫైల్లో రెండో మచ్చ. అలాంటప్పుడు తర్వాతి బ్యాచ్‌కు వాయిదా అడగడమే మేలు. దానికి కొన్నాళ్లు గుసగుసలు పడాల్సి వస్తుంది, సీటు ఆలస్యం కావచ్చు. మీకు మాత్రం ఊపిరి దొరుకుతుంది.

ఈ మూడింట్లో ఏది ఎంచుకోవాలన్నది మీరు రాయని కొన్ని సంగతుల మీద ఆధారపడి ఉంది. నిద్ర పడుతోందా? ఆ రాత్రి కలలోకి వస్తోందా? ఆ వీధి మీదుగా వెళ్లడం మానేశారా? చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా, ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుగొస్తోందా? ఇవి నెలకు మించి సాగుతుంటే ముందు చికిత్స, తర్వాతే కోర్సు. ట్రామా, అంటే ఇలాంటి మానసిక గాయం, కోసమే చేసే మాటల చికిత్సలున్నాయి, చాలామందికి పనిచేస్తున్నాయి. డిపార్ట్‌మెంట్ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లేముందు, మీరు చెప్పేది ఎవరి దాకా వెళుతుందో సూటిగా అడగండి. నమ్మకం కలగకపోతే బయటి డాక్టర్‌ను చూడండి. ఇంకొకటి మొహమాటం లేకుండా అడుగుతున్నాను: చనిపోతే బాగుండు అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఆ రోజే తుపాకీ మీకు అందని చోట, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టించండి. ఒంటరిగా ఉండకుండా, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. తుపాకీ అప్పగించడం అవమానం కాదు. నాకు తెలిసినవాళ్లు ఇచ్చారు, తిరిగి తీసుకున్నారు, ఇంకా డ్యూటీలో ఉన్నారు.

అతని భార్య మాట గురించి. అప్పుడావిడ భర్త ఆపరేషన్ గదిలో ఉన్నాడు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు కావాలని ఆవిడ అడగలేదేమో, ఎవరినో ఒకరిని అడగాలి కాబట్టి ఎదురుగా ఉన్న మిమ్మల్ని అడిగింది. ఆవిడకు వివరించడానికి ఇప్పుడు వెళ్లకండి. వెళ్లాల్సింది అతని దగ్గరికి. అతను ఒక్కసారి కూడా మిమ్మల్ని తప్పుపట్టలేదని మీరే రాశారు. అతనితో ఆ రాత్రి గురించి ఒక్కసారైనా మాట్లాడారా? క్షమాపణ అడగడానికని వెళితే, మిమ్మల్ని ఓదార్చే భారం అతని మీద పడుతుంది. "నువ్వు అక్కడ పడి ఉన్నప్పుడు నీకేం కనిపించింది?" అని అడిగి, వినండి. అతను కోపంగానే మాట్లాడొచ్చు. మాట్లాడటం ఇష్టం లేదనొచ్చు. కానీ జీపు చాటున మీరున్నారని, కిటికీ వైపు చూస్తున్నారని అతనికి తెలుసో లేదో ఇన్నాళ్లూ మీరు ఊహించుకుంటూనే ఉన్నారు.

ఏ దారి ఎంచుకున్నా, ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్లూ డ్యూటీ టూర్నికెట్ ఒకటి మీ ఒంటి మీద ఉండాలి. సాధనకు వేరేది పెట్టుకోండి, పదేపదే తిప్పితే పట్టీ, పుల్ల రెండూ బలహీనపడతాయి. చవకగా దొరికే నకిలీల్లో పుల్ల విరిగిపోతుంది, వాటి జోలికి వెళ్లొద్దు. రేపు బయల్దేరేముందు దాన్ని కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి, చూడకుండా తీసి చూడండి. ఏదో ఒక చేతికి అందకపోతే చోటు మార్చండి.